ఉగాది నాటకాలు మూడు రాత్రులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉగాది వెళ్ళాక వచ్చే శుక్ర, శని, ఆదివారాల్లో మన ఊరి కళామందిరంలో నాటకాలు వేస్తున్నాం. బ్యానరు కట్టినప్పటినుంచి టీకొట్టు దగ్గరా, గుడి దగ్గరా, ఫోన్లోనూ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. అందుకని అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. కమిటీలో నా పని హాలు చూసుకోవడం, నటులకు భోజనాలూ మేకప్ గదీ ఏర్పాటు చేయడం. కాబట్టి తెర ముందు సంగతులతో పాటు తెర వెనక సంగతులు కూడా కొన్ని వస్తాయి.

ఏ రోజు ఏ నాటకం?

శుక్రవారం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్య హరిశ్చంద్ర. మొత్తం నాటకం కాదు, వారణాసి సీను, కాటి సీను. శనివారం మూడు సాంఘిక నాటికలు, ఒక్కొక్కటి గంటలోపే. ఆదివారం శ్రీకృష్ణ రాయబారం. తిరుపతి వేంకట కవులు రాసిన పాండవోద్యోగ విజయాల్లోంచి పడక సీను (పడుకుని ఉన్న కృష్ణుడి దగ్గరకి దుర్యోధనుడూ, అర్జునుడూ సాయం అడగడానికి వచ్చే సీను), రాయబారం సీను వేస్తారు. బ్యానరు మీద ‘కురుక్షేత్రం’ అని ఉన్నది ఇదే. మన వైపు జనం నోట్లో ఆ పేరే నలిగింది కాబట్టి అలా వేయించాం.

7 గంటలకి అని వేశారు. నిజంగా ఎన్నింటికి మొదలవుతుంది?

7 గంటలకి మొదటి గంట కొడతాం. రెండోది పావుగంటకి, మూడోది ఏడున్నరకి. మూడో గంటతో తెర లేస్తుంది. ముందు సన్మానాలు, ఉపన్యాసాలు అయ్యి తొమ్మిదిన్నరకి తెర లేచిన సంవత్సరాలున్నాయి. అప్పటికి సగం మంది ఆడవాళ్ళు పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. అది తప్పని కమిటీలో గట్టిగానే అన్నాను, అందరూ ఒప్పుకున్నారు. ఈసారి సన్మానాలన్నీ శనివారం నాటికల మధ్య విరామంలోనే.

ప్రార్థనకి మాత్రం అందుకోండి. నటులంతా వేషాలతో వరసగా నిలబడి ‘పరబ్రహ్మ పరమేశ్వర’ పాడతారు. హరిశ్చంద్రుడూ, విశ్వామిత్రుడూ, కాటికాపరీ ఒకే వరసలో చేతులు జోడించుకుని నిలబడతారు. మళ్ళీ ఆ రాత్రంతా అలా కనిపించరు.

టిక్కెట్టు ఎంత?

టిక్కెట్టు లేదు. ఖర్చు దాతలు పెట్టుకుంటున్నారు. ముందు రెండు వరసల్లో వీఐపీ కుర్చీలు వేయట్లేదు. ఆ వరసలు పెద్దవాళ్ళకీ, వినికిడి తగ్గినవాళ్ళకీ. దాతలు కూడా సంతోషంగా సరేనన్నారు.

పద్యాలు మాకు అర్థమవుతాయా? మా పిల్లలు ఇంగ్లీషు మీడియం.

అందరికంటే ఎక్కువగా అడిగేది ఇదే. కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. అర్థం కాదేమోనన్న బెరుకుతో ఇంట్లో ఆగిపోయేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

నాటకంలో పద్యం ఒంటరిగా రాదు. దానికి ముందు నటుడు మామూలు మాటల్లో, వచనంలో సంగతి చెబుతాడు. తర్వాత అదే సంగతిని పద్యంగా ఎత్తుకుంటాడు. పద్యం అయ్యాక ఎదుటి పాత్ర దానికి జవాబిస్తుంది. మధ్యలో నాలుగు మాటలు తెలియకపోయినా కథ ఎక్కడా తెగదు.

రాయబారంలో అందరూ ఎదురుచూసే ‘జెండాపై కపిరాజు’ పద్యమే తీసుకోండి. అది శార్దూలం. ఛందస్సు తెలియకపోయినా ఏం ఫర్వాలేదు. కృష్ణుడు దుర్యోధనుడికి చెప్పేది ఇది: జెండా మీద హనుమంతుడు, ముందు తెల్లగుర్రాలు, రథం తోలేది నేను. పైన అర్జునుడు గాండీవం పట్టుకుని నీ సైన్యాన్ని చెండాడుతుంటాడు. అప్పుడు సంధి చేసుకుందామని నువ్వు మొత్తుకున్నా ఆలకించేవాడు ఒక్కడూ ఉండడు. ఇంతే. ఇది తెలుసుకుని వింటే ‘సితవాజి’ అంటే తెల్లగుర్రం అని ఎవరూ చెప్పక్కర్లేదు, నటుడి చెయ్యే చెబుతుంది. ఇంకో సంగతి. ఆ పద్యం మొదలయ్యేదే ‘జెండా’ అనే మాటతో. ధ్వజం అనీ కేతనం అనీ అనకుండా, అవధానాలు చేసిన అంత పెద్ద పండితులు బజార్లో మాటతో ఎత్తుకున్నారు. ఆ పద్యం పొలాల్లో, రిక్షాల మీద, కల్లాల దగ్గర ఇన్నేళ్ళు బతకడానికి ఆ ఎత్తుగడ కూడా ఒక కారణమని నా నమ్మకం.

ఇక రాగం. పద్యం చివరికి వచ్చేసరికి నటుడు ఆఖరి అక్షరాన్ని పట్టుకుని సాగదీస్తాడు. హార్మోనియం ఆయన వెంటే వెళ్తుంది, ఒక్కోచోట ఆగి ఆయనకి దారి ఇస్తుంది. మొదటిసారి వచ్చినవాళ్ళు పద్యంలో మాటలు అయిపోగానే చప్పట్లు కొట్టేస్తారు. కాస్త ఆగండి. రాగం తీసి, తిప్పి, మళ్ళీ శ్రుతిలోకి వచ్చి వాలేదాకా ఆగండి. పాడేవాడు మైకు దగ్గర్నుంచి అరడుగు వెనక్కి జరిగాడంటే పై స్థాయికి వెళ్తున్నాడని గుర్తు. మా పాప ఆ అడుగు కనిపెట్టడం నేర్చుకుంది. వెనక్కి జరగ్గానే నా చెయ్యి పట్టుకుంటుంది.

హాలు గుమ్మం దగ్గర ఒక కాగితం ఇస్తాం. రెండు నాటకాల్లోని పది పద్యాలకి మామూలు తెలుగులో తాత్పర్యం రాయించాం. రిటైరైన తెలుగు మాస్టారు ఒకరు వారం రోజులు కూర్చుని రాసిచ్చారు. తెర లేచేలోపు ఒక్కసారి చదువుకోండి, చాలు.

ఒకే నాటకంలో కృష్ణుడి వేషానికి ఇద్దరు పేర్లు వేశారేంటి?

అచ్చుతప్పు కాదు. పద్యనాటకాల్లో ఇది పాత పద్ధతి. పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు. మూడో కృష్ణుడు ఉన్న రాత్రులూ ఉంటాయి. హరిశ్చంద్రలోనూ అంతే, వారణాసికి ఒకరు, కాటి సీనుకి ఒకరు. వెనకటి రోజుల్లో నాటకాల కాంట్రాక్టర్లు ఒక్కో ఊరు నుంచి ఒక్కో పేరున్న నటుణ్ణి పిలిపించి ఒకే రాత్రి కలిపేవాళ్ళు. చాలామంది రిహార్సల్ లేకుండా నేరుగా స్టేజీ మీదే కలుసుకునేవాళ్ళు. నాటకం అందరికీ నోటికి వచ్చు కాబట్టి అది సాధ్యమైంది.

గంటల తరబడి పై శ్రుతిలో పద్యాలు పాడటం ఒక్క గొంతుకి చాలా కష్టం. అది ఒక కారణం. జనానికి పోల్చి చూసుకోవడం ఇష్టం, అది రెండోది. పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుడు గొప్పా, షణ్ముఖి ఆంజనేయరాజు గారి కృష్ణుడు గొప్పా అని మా నాన్నగారి తరం వాళ్ళు ఇప్పటికీ అరుగు మీద కూర్చుని వాదించుకుంటారు. మన జిల్లాలో సుద్దపల్లిలో పుట్టిన ఈలపాట రఘురామయ్య గారి పేరు మూడోవాళ్ళు తెస్తారు. మీరు కూడా ఆదివారం ఇద్దరినీ విని మీ మాట మీరు చెప్పండి.

కాటి సీనులో పాడే పద్యాలు జాషువా గారివని విన్నాం. నాటకం రాసింది బలిజేపల్లి గారు కదా?

రెండూ నిజమే. నాటకం బలిజేపల్లి వారిది. కాటి సీనులో హరిశ్చంద్రుడు శ్మశానాన్ని చూస్తూ పాడే పద్యాల్లో బాగా పేరుపడ్డవి గుర్రం జాషువా గారివి. 1895లో వినుకొండలో పుట్టిన కవి ఆయన. శ్మశానం మీద విడిగా రాసుకున్న ఖండికలోవి ఆ పద్యాలు. సందర్భానికి అచ్చంగా సరిపోవడంతో నటులు నాటకంలోకి తెచ్చుకున్నారు. జనం వాటిని ఎంతగా పట్టుకున్నారంటే, ఇప్పుడు అవి పాడకపోతే కాటి సీను అయినట్టే కాదు.

కవి కలం ఇక్కడే నిప్పుల్లో కరిగిపోయింది, రాజు ముద్రికలు ఇక్కడే మాయమయ్యాయి, లేత ఇల్లాలి నల్లపూసలు ఇక్కడే గంగపాలయ్యాయి, చిత్రకారుడి కుంచె ఇక్కడే నశించింది అంటాడు. ఇంకో పద్యంలో, అంటరానితనం తిరగడానికి ఈ చోట తావు లేదు అంటాడు. కులం పేరుతో జీవితమంతా అవమానాలు పడ్డ మనిషి రాసిన మాట అది. ఊరు ఊరంతా ఒకచోట కూర్చుని ఆ మాట వింటుంది. రాసిందెవరో తెలుసుకుని వినాలని మా కోరిక. అందుకే ఈసారి బ్యానరు మీద బలిజేపల్లి వారి పేరు కింద జాషువా గారి పేరు కూడా వేయించాం.

కాటి సీను చూసి మా అమ్మ ఏడుస్తుంది. చిన్నపిల్లల్ని తీసుకురావచ్చా?

తీసుకురండి. ఐదారేళ్ళ పిల్లలకి వారణాసి సీనులో నక్షత్రకుడు బాగా నచ్చుతాడు. అప్పు వసూలు చేసుకోవడానికి హరిశ్చంద్రుణ్ణి వెంటపడి వేధించే వేషం అది. హాలంతా నవ్వులే. కాటి సీను మాత్రం బరువుగా ఉంటుంది. పాము కరిచి చనిపోయిన కొడుకుని చంద్రమతి ఎత్తుకుని వస్తుంది. కాపరిగా ఉన్న భర్త, ఆమె ఎవరో తెలియక, కాటి సుంకం అడుగుతాడు. ఆమె మెడలో మంగళసూత్రం భర్తకి తప్ప ఎవరికీ కనిపించదు. అతను దాన్ని చూడటంతోనే ఒకరినొకరు గుర్తుపడతారు. పిల్లలు ముందే నిద్రపోతే పక్క వరండాలో చాపలు వేసి ఉంటాయి, పడుకోబెట్టండి. మన ఇంటి ఆడపిల్లలే ఇద్దరు వలంటీర్లు అక్కడ కాపలా ఉంటారు.

లోహితాస్యుడి వేషం వేసే పిల్లవాడి గురించి ఒక మాట. రెండేళ్ళ కిందట కాటి సీను వచ్చేసరికి రాత్రి ఒంటిగంట దాటింది. మేకప్ గదిలోకి టీ పట్టుకెళ్తే ఆ బాబు కిరీటం పెట్టె పక్కన వాళ్ళమ్మ ఒళ్ళో గాఢనిద్రలో ఉన్నాడు. బుగ్గల మీద రంగు చెదిరి ఆమె చీరకి అంటుకుంది. చంద్రమతి వేషం వేసిన ఆవిడ వాణ్ణి లేపలేదు. అలాగే మెల్లగా భుజం మీద వేసుకుని స్టేజీ మీదకి నడిచింది. పద్యం మధ్యలో వాడు నిద్రలోనే ఆమె మెడ చుట్టూ చెయ్యి వేశాడు. ఆమె ఆ చేతిని మెల్లగా కిందికి జార్చి, చెయ్యి వాలిపోయిందని ఇంకా గట్టిగా ఏడ్చింది. ముందు వరసల్లో కళ్ళు తుడుచుకోనివాళ్ళు లేరు. పిల్లవాణ్ణి అంత పొద్దుపోయేదాకా ఉంచడం మంచిది కాదని మాకు ఆ రోజే అర్థమైంది. ఏడున్నరకి తెర లేవాలని పట్టుబట్టడానికి అసలు కారణం అదే.

వన్స్ మోర్ అనొచ్చా?

నిరభ్యంతరంగా. అది నటుడికి మీరిచ్చే బహుమతి. అయితే పద్యానికి ఒక్కసారే అడగండి. రెండో పద్యానికి ఆయన గొంతు మిగలాలి.

నటులకి డబ్బు చదివించాలంటే?

పద్యం మధ్యలో స్టేజీ ఎక్కి నోటు ఇవ్వడం మన వైపు అలవాటే. ప్రేమతోనే ఇస్తారు, కాదనను. కానీ మైకులో ‘ఫలానావారు 516 రూపాయలు’ అని చదువుతుంటే కృష్ణుడు కోపం దిగమింగుకుని దణ్ణం పెట్టాల్సి వస్తుంది. తర్వాత మళ్ళీ ఆ కోపం తెచ్చుకోవాలి. ఈసారి స్టేజీకి ఎడమవైపు బల్ల వేసి ఒకరిని కూర్చోబెడతాం. 116 అయినా 1116 అయినా అక్కడ ఇవ్వండి. సీను అయ్యాక మీ పేరుతో సహా చదివి, మొత్తం నటుడి చేతికే ఇస్తాం. కమిటీ అందులో రూపాయి తీసుకోదు. హార్మోనిస్టుకీ, తబలా ఆయనకీ కూడా ఇవ్వొచ్చు. వాళ్ళని మనం చాలాసార్లు మర్చిపోతాం.

శనివారం నాటికలంటే ఏమిటి? అందులోనూ పద్యాలుంటాయా?

ఉండవు. అవి ఇప్పటి కుటుంబాల కథలు. విదేశాల్లో పిల్లలు, ఇంట్లో ఒంటరిగా పెద్దవాళ్ళు, పొలం అమ్మకాలు, అప్పులు. నాటక పరిషత్తులు పెట్టే పోటీల్లో వేసే పద్ధతిలోనే ఉంటాయి. ఒకే సెట్టు, నలుగురైదుగురు పాత్రలు, గంటలోపు ముగింపు. మన ప్రాంతానికి పరిషత్తు కొత్త కాదు. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో పుట్టింది తెనాల్లోనే.

పోటీ పెట్టలేదు, బహుమతులు లేవు. ముగ్గురు న్యాయనిర్ణేతలు, మార్కులు, ఆఖరి రాత్రి అలకలు, అదంతా వద్దనుకున్నాం. ఒక్కో నాటిక అయ్యాక పది నిమిషాలు నటులు స్టేజీ మీదే కూర్చుంటారు. మీరు నచ్చింది, నచ్చనిది నేరుగా వాళ్ళతోనే చెప్పొచ్చు. వాళ్ళలో చాలామంది పొద్దున ఉద్యోగాలు చేసుకుని రాత్రిళ్ళు రిహార్సల్ చేసేవాళ్ళు. పోటీల్లో వాళ్ళకి మార్కులు తెలుస్తాయి, మనసులో మాట తెలియదు.

సురభి వాళ్ళు రారా? ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరే నాటకం కావాలని మా పిల్లలు అడుగుతున్నారు.

ఈసారి రావట్లేదు. మాకూ ఆశే. కానీ మన హాలు దానికి చాలదు. సురభి వాళ్ళకి తెరల మీద తెరలు, పైనుంచి దిగే తీగలు, పాత్రలు గాల్లో తేలడానికి ఎత్తూ కావాలి. మన స్టేజీ పైకప్పు మరీ తక్కువ. 1885లో కడప జిల్లా సురభి అనే పల్లెలో కీచక వధతో మొదలై, ఊరూరా తమ హాలు తామే కట్టుకుని, మళ్ళీ విప్పుకుని తిరిగిన కుటుంబాలు అవి. ఆ కుటుంబాల పెద్దల్లో ఒకరైన సురభి బాబ్జీ గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. హైదరాబాదులో శేరిలింగంపల్లి వైపు సురభి కాలనీయే ఉంది. పిల్లలతో హైదరాబాదు వెళ్ళినప్పుడు ప్రదర్శన ఉందేమో కనుక్కోండి. ఆ లడ్డూలు మాత్రం పిల్లలు జీవితాంతం గుర్తుపెట్టుకుంటారు.

ఆడ వేషాలు మగవాళ్ళే వేస్తారా?

ఈ మూడు రాత్రులూ ఆడ వేషాలు ఆడవాళ్ళే. కానీ పాతకాలంలో మగవాళ్ళు వేసినవాటిని తక్కువ చేయకండి. బాపట్లలో పుట్టి తెనాలి శ్రీరామ విలాస సభలో వెలిగిన స్థానం నరసింహారావు గారు సత్యభామగా వస్తే ఆడవాళ్ళు ఆ నడకా, ఆ చీరకట్టూ చూసి నేర్చుకున్నారని మా నాయనమ్మ చెప్పేది. 1956లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. సురభిలో మాత్రం మొదటినుంచీ ఇంటి ఆడవాళ్ళే వేసేవాళ్ళు. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతిగా నటించిన కమలాబాయి సురభి బిడ్డే.

మా అబ్బాయికి టెన్త్ పరీక్షలు. రాత్రంతా మైకులు పెడతారేమోనని టెన్షన్‌గా ఉంది.

బయట ఒక్క మైకు కూడా ఉండదు. వీధుల్లో హారన్లు కట్టించట్లేదు. రాత్రి 10 తర్వాత బయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదన్న నియమం ఎలాగూ ఉంది. అది లేకపోయినా చదువుకునే పిల్లలున్న వీధుల్లో మేం పెట్టం. హాల్లో రెండు బాక్సులు, తలుపులు వేసి ఉంటాయి. ఎవరికైనా ఇబ్బందిగా ఉంటే గేటు దగ్గర వలంటీరుకి చెప్పండి, వెంటనే తగ్గిస్తాం.

ఫోన్లో వీడియో తీసుకోవచ్చా?

ప్రార్థనా, మంగళం తీసుకోండి. మిగతా సమయంలో ఫోను జేబులో ఉంచండి. ఫ్లాష్ అసలు వద్దు. కాటి సీనులో లైట్లు బాగా తగ్గిస్తాం. ఆ చీకట్లో ఒక్క ఫోను వెలిగినా వెనకున్న యాభై మందికి స్టేజీ కనిపించదు. ఒకసారి చంద్రమతి కొడుకుని నేల మీద పడుకోబెట్టే క్షణంలో మూడో వరసలో ఫోను మోగింది, సినిమా పాట. హరిశ్చంద్రుడి వేషంలో ఉన్న నటుడు తల ఎత్తలేదు, పాట ఆగేదాకా గొంగళి కప్పుకుని కర్ర పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. తర్వాత అదే శ్రుతిలో ఎత్తుకున్నాడు. ఆయన సహనానికి దణ్ణం పెట్టాలి. ఆ పరీక్ష మాత్రం ఇంకోసారి పెట్టకూడదు.

కరెంటు పోతే?

జనరేటరు ఉంది. అది అందుకునే రెండు నిమిషాలు హార్మోనియం ఆగదు.

బండ్లు, భోజనం, బాత్‌రూములు?

బండ్లు హైస్కూలు గ్రౌండులో. విరామంలో పులిహోర, మజ్జిగ. బాత్‌రూములు హాలు వెనక, ఆడవాళ్ళకి విడిగా, లైటుతో. చుట్టుపక్కల పల్లెలకి రాత్రి రెండు ఆటోలు మాట్లాడి పెట్టాం. నాటకం అయ్యాక అరగంట దాకా గేటు దగ్గరే ఉంటాయి.

మా అమ్మాయి నాటకాల్లో చేరాలంటోంది. ఎవరిని కలవాలి?

ముందు మూడు రాత్రులూ వచ్చి చూడమనండి. శనివారం నాటికల బృందాలతో మాట్లాడిస్తాను. వాళ్ళకి ఎప్పుడూ కొత్తవాళ్ళు కావాలి. పద్యం నేర్చుకోవాలంటే ముందు శ్రుతి నిలవాలి. పొద్దున్నే హార్మోనియం దగ్గర కూర్చునే ఓపిక ఉందో లేదో చూడండి. పద్ధతిగా చదువుకోవాలంటే విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, హైదరాబాదులో తెలుగు విశ్వవిద్యాలయంలోనూ, సెంట్రల్ యూనివర్సిటీలోనూ రంగస్థల శాఖలున్నాయి.

నాటకం అయ్యాక నటులతో ఫోటో దిగొచ్చా?

దిగొచ్చు. మంగళం పాడేదాకా కూర్చుని, తర్వాత స్టేజీ పక్క మెట్ల దగ్గరకి రండి. పావుగంట అక్కడే వేషాలతో ఉంటారు. ఆ తర్వాత మేకప్ గది తలుపు వేసేస్తాం. కొబ్బరినూనె రాసి ముఖానున్న రంగంతా తుడుచుకోవడానికే చాలాసేపు పడుతుంది. భుజకీర్తులు కట్టిన తాళ్ళ గుర్తులు చేతుల మీద ఎర్రగా తేలి ఉంటాయి. అప్పుడు గాని వాళ్ళు అన్నం ముందు కూర్చోరు. ఆదివారం కృష్ణుడి వేషం వేసే పెద్దాయనకి తెల్లవారుజామున రైలుంది. ఆయనకి వేడిగా చారన్నం వండి పెట్టాలి, బియ్యం మా ఇంటి నుంచే వస్తున్నాయి. ఎవరైనా ఒక గిన్నె పెరుగు ఇస్తే తీసుకుంటాను.